అంతస్తుల ఓఎల్‌ఈడీ: ఒకే చుక్కలో మూడు రంగులు వెలిగించే పని, మొదటి నుంచి

ఓఎల్‌ఈడీ అంటే కరెంటు పారితే తనంతట తానే వెలిగే పలచటి ఆర్గానిక్ (కార్బన్ సమ్మేళనాల) పొరలు. నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లొచ్చే మనిషిని. రైల్లో స్టూడెంట్స్ ఎవరైనా పక్కన దొరికితే ఈ పాఠం వాటర్ బాటిల్‌తో మొదలుపెడతాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి, వేలికొసతో ఆవగింజంత నీటిబొట్టు స్క్రీన్ మీద వదలండి. ఆ బొట్టే భూతద్దం. కళ్లు దగ్గరగా పెట్టి చూస్తే తెలుపన్నది ఎక్కడా కనిపించదు. ఎర్ర చుక్క, పచ్చ చుక్క, నీలం చుక్క, మధ్యలో నల్లటి ఖాళీ. ఓఎల్‌ఈడీ ఫోన్లు చాలావాటిలో పచ్చ చుక్కలు చిన్నవిగా, మిగతా రెండిటికంటే ఎక్కువగా ఉంటాయి. ఇప్పుడు ఎర్రటి ఫొటో ఏదైనా తెరవండి. ఎర్ర చుక్కలు మాత్రమే వెలుగుతుంటే మిగతా జాగా అంతా ఊరికే పడి ఉంటుంది.

విజయవాడ మొగల్రాజపురంలో స్థలం ఉన్నవాడు ఏం చేస్తాడు? పక్కపక్కన మూడు ఇళ్లు కట్టడు, ఒకదాని మీద ఒకటి కడతాడు. ఎరుపు, పచ్చ, నీలం అలా ఒకే చోట నిలువుగా పేరిస్తే ప్రతి రంగుకీ మొత్తం జాగా దక్కుతుంది. అదే వెలుతురుకి చదరపు సెంటీమీటర్‌కి వెళ్లే కరెంటు మూడో వంతుకి దిగుతుంది, మెటీరియల్ ఎక్కువకాలం బతుకుతుంది. ప్రిన్స్‌టన్‌లో స్టీఫెన్ ఫారెస్ట్, సదరన్ కాలిఫోర్నియాలో మార్క్ థాంప్సన్ బృందాలు 1996లో రెండు రంగులతో, 1997లో మూడు రంగులతో ఈ పని చేసి చూపించాయి. ఇన్నేళ్లయినా ఆ పద్ధతిలో చేసిన ఫోన్ షాపుల్లోకి రాలేదు. మేడ కట్టడం కష్టమై కాదు. మెట్లు పెట్టడం కష్టం. ప్రతి అంతస్తు నుంచీ బయటికి తీగ రావాలి. ఆ తీగ వెలుతురుకి అడ్డం రాకూడదు, పై అంతస్తు తీగకి తగలకూడదు. ఈ గైడ్‌లో సగం దాని గురించే.

1. ఒక్క అంతస్తు సరిగ్గా తెలుసుకోండి

ఈస్ట్‌మన్ కోడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రచురించిన డివైస్ ఇప్పటికీ మంచి మొదటి పాఠం. గాజు మీద ఐటీఓ అనే పారదర్శక కండక్టర్, దాని మీద హోల్స్‌ని (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, పాజిటివ్ చార్జ్‌లా కదులుతాయి) మోసే పొర సుమారు 75 నానోమీటర్లు, ఆపైన ఏఎల్‌క్యూ3 అనే పొర సుమారు 60, అన్నిటికీ పైన మెగ్నీషియం-వెండి క్యాథోడ్. కింద నుంచి హోల్స్, పై నుంచి ఎలక్ట్రాన్లు వచ్చి ఏఎల్‌క్యూ3లో కలుస్తాయి, పచ్చటి వెలుతురు వస్తుంది. 10 వోల్టుల లోపే వెలుతురుని చదరపు మీటర్‌కి 1000 క్యాండెలా, అంటే 1000 నిట్స్, దాటించారు వాళ్లు.

ల్యాబ్‌కి వెళ్లే ముందు చిన్న ముచ్చట ఒకటి. ఏఎల్‌క్యూ3 సీసా చేతికొస్తే, చూడ్డానికి పసుపు కలిపిన పిండిలా ఉంటుంది. దొంగనోట్లు కనిపెట్టడానికి షాపుల్లో వాడే యూవీ లైటు దాని మీద వేయండి. పొడి పొడిగానే పచ్చగా వెలుగుతుంది. ఆ రంగే రేపు మీ డివైస్‌లో కరెంటుతో చూడబోతున్నారు. సీసా మారిపోయిందా, పొడి పాడైందా అని తేల్చుకోవడానికీ ఈ చిట్కా పనికొస్తుంది.

2. మీరు చేసేది ఏ రకమో తేల్చుకోండి

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఓఎల్‌ఈడీలని నిలువుగా పేర్చడం రెండు రకాలు. మొదటిది టాండెమ్. రెండు మూడు అంతస్తులు ఉంటాయి కానీ బయటికొచ్చే తీగలు రెండే, అడుగున ఒకటి, పైన ఒకటి. ఒకే కరెంటు అన్ని అంతస్తుల గుండా పోతుంది, ప్రతి అంతస్తూ తన వంతు వెలుతురిస్తుంది. వోల్టేజ్ రెట్టింపు అయితే అయింది, అదే వెలుతురుకి కరెంటు సగం చాలు. ఆయుష్షు అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. 2024 మే నెలలో వచ్చిన ఐప్యాడ్ ప్రోలో ఉన్నది ఇదే, రెండు అంతస్తుల టాండెమ్. స్క్రీన్ మొత్తం మీద 1000 నిట్స్ ఇస్తుంది. అయితే అందులో రంగులు మాత్రం పక్కపక్కనే ఉంటాయి.

రెండోది మన సబ్జెక్ట్. ప్రతి అంతస్తుకీ ఒక రంగు, ప్రతి రంగుకీ విడిగా స్విచ్. మూడు అంతస్తులకి నాలుగు ఎలక్ట్రోడ్లు కావాలి. కింది అంతస్తుకి క్యాథోడ్ అయినదే పై అంతస్తుకి ఆనోడ్. అంటే మధ్య ఎలక్ట్రోడ్ కింది వైపు ఎలక్ట్రాన్లు ఇవ్వాలి, పై వైపు హోల్స్ ఇవ్వాలి, పైగా గాజులా వెలుతురుని వదలాలి. ఒకే మనిషి రెండు డ్యూటీలు చేస్తూ కనిపించకుండా ఉండమన్నట్టు.

3. ల్యాబ్ సంగతి ముందే చూసుకోండి

మన వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో వాక్యూమ్ కోటింగ్ యూనిట్ ఉంటే ఉండొచ్చు కానీ గ్లవ్ బాక్స్‌కి (గాలి, తేమ చొరబడని పెట్టె) కలిపిన ఎవాపరేటర్ (పదార్థాన్ని ఆవిరి చేసి పొరగా వేసే యంత్రం) దొరకడం అరుదు. కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ కింద బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల బయటి కాలేజీల వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి, పరికరాలు వాడుకోనిస్తారు. ఓఎల్‌ఈడీ పని ప్రత్యేకంగా కావాలంటే ఐఐటీ కాన్పూర్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ ఉంది. స్లాట్ దొరికాక ఆలోచిద్దాంలే అనుకోకండి. 4, 5 దశలు ఇంట్లో కూర్చుని పూర్తిచేసుకుని వెళ్లినవాళ్లకే అక్కడి వారం రోజులు సరిపోతాయి.

4. కాగితం మీద లెక్క

వెలుతురు కింది గాజు గుండా బయటికి వస్తుందనుకుందాం. గాజుకి దగ్గరగా ఏ రంగు పెట్టాలి? నీలం. ఎరుపునిచ్చే పదార్థాలు నీలం, పచ్చ వెలుతురుని మింగేసి మళ్లీ ఎరుపుగా కక్కుతాయి. నీలాన్నిచ్చేవి ఎరుపుని ముట్టుకోవు, గాజులా వదిలేస్తాయి. అందుకని చూసే మనిషి వైపు నుంచి నీలం, పచ్చ, ఎరుపు అనే వరుస వేసుకోండి. ఎర్రదాన్ని గాజు దగ్గర పెడితే పై నుంచి వచ్చే నీలం సగం దారిలోనే ఎర్రబారుతుంది.

తర్వాత దూరాలు. లోహం అద్దం లాంటిది. దానికి తగిలి వెనక్కి వచ్చిన వెలుతురు, నేరుగా వెళ్లే వెలుతురు ఒకదానికొకటి సాయం చేసుకోవాలంటే వెలిగే చోటు లోహానికి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో ఉండాలి. ఆర్గానిక్ పొరల వక్రీభవన గుణకం సుమారు 1.8 కాబట్టి 620 నానోమీటర్ల ఎరుపుకి 620ని 7.2తో భాగిస్తే 86. పచ్చకి, 530 అనుకుంటే, 74. నీలానికి, 460కి, 64. లోహంలో ఫేజ్ మార్పు వల్ల అసలు దూరం ఇంతకన్నా కొంత తగ్గుతుంది. పై అల్యూమినియం పక్కన ఉన్న ఎరుపుకి ఈ లెక్క నేరుగా పనికొస్తుంది. అడుగున ఉన్న నీలానికి అలా కుదరదు. దానికి మధ్య ఎలక్ట్రోడ్లు రెండూ, పైన అల్యూమినియం, మొత్తం మూడు అద్దాలు. పైథాన్‌లో ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ పద్ధతి (పొరల మధ్య వెలుతురు ఎంత తిరిగొస్తుందో, ఎంత దాటుతుందో చెప్పే లెక్క) రాసుకుని ఒక్కో పొర మందాన్ని 5 నానోమీటర్ల చొప్పున మార్చి చూడండి. ఒక సాయంత్రం పని. చేయకపోతే ఏమవుతుందంటే, నీలం వెలుగుతుంది కానీ తల కాస్త పక్కకి వంచగానే ఇంకో రంగులోకి జారిపోతుంది.

మూడోది నష్టం. మధ్య ఎలక్ట్రోడ్ ఒక్కోటి నూటికి 70 వంతులు వదులుతుందనుకోండి. రెండు దాటి వచ్చేసరికి ఎరుపుకి మిగిలేది 49. సగం పోయినట్టే. దాన్ని ముందే ఒప్పుకుని ఎరుపుకి కరెంటు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడండి.

ఇంతకీ ఆ మధ్య ఎలక్ట్రోడ్ దేంతో చేయాలి? 1996, 97 నాటి వాళ్లు పలచటి మెగ్నీషియం-వెండి పొర వేసి, దాని మీద ఐటీఓ స్పట్టర్ చేశారు, అంటే అయాన్లతో కొట్టి ఐటీఓ ముద్ద నుంచి అణువుల్ని ఊడగొట్టి పొరగా వేశారు. స్పట్టరింగ్‌లో వచ్చే వేగమైన అయాన్లు కింది మెత్తటి ఆర్గానిక్‌ని దెబ్బతీస్తాయి, చాలా తక్కువ పవర్‌తో మెల్లగా చేయాలి. మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా, స్పట్టరింగ్ జోలికే వెళ్లకండి. లిథియం ఫ్లోరైడ్ 1 నానోమీటర్, అల్యూమినియం 1, వెండి 15, దాని మీద మాలిబ్డినం ఆక్సైడ్ 5. అన్నీ వేడి చేసి ఆవిరి చేసేవే. కింది రెండూ ఎలక్ట్రాన్ల సంగతి చూసుకుంటాయి, పై ఆక్సైడ్ హోల్స్ సంగతి చూసుకుంటుంది. వెండిని ఇంకా పలచన చేస్తే వెలుతురు బాగా పోతుంది కదా అని 8కి దించకండి. అంత పలచగా ఉన్నప్పుడు వెండి పొరలా పరుచుకోదు, తామరాకు మీద నీటిబొట్లలా విడివిడి ముద్దలు కడుతుంది. ముద్దల మధ్య కరెంటు పారదు.

5. తీగల బొమ్మ

25 మిల్లీమీటర్ల చదరపు గాజు తీసుకోండి. మధ్యలో 2 మిల్లీమీటర్ల చదరం మాత్రమే వెలగాలి. వాస్తు చూసే ఇల్లయితే ఒప్పుకోరు గానీ దీనికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు పెడదాం. గాజు మీది ఐటీఓ పడమర నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా వచ్చి మధ్యకి చేరగానే ఆగుతుంది. రెండో ఎలక్ట్రోడ్ ఉత్తరం నుంచి, మూడోది దక్షిణం నుంచి, పై అల్యూమినియం తూర్పు నుంచి. నాలుగూ కలిసేది మధ్య చదరంలోనే. ఇంకెక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కిన ప్రతిచోటా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఈ బొమ్మలో ఇంకో సుఖం. మూడు లోహపు పట్టీలూ ఒకే ఆకారం కాబట్టి మాస్క్ (ఆవిరి పడాల్సిన చోట మాత్రమే రంధ్రం ఉన్న రేకు) ఒక్కటి చాలు. ఉత్తరానికి ఒకసారి, దక్షిణానికి ఒకసారి, తూర్పుకి ఒకసారి తిప్పి పెట్టుకోవడమే. ఆర్గానిక్ పొరలకి మధ్యలో 12 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం ఉన్న రెండో మాస్క్. పలచటి స్టీలు రేకు మీద లేజర్‌తో కోయించాలి. ఆటోనగర్‌లో రేకు పని చేసేవాళ్లని అడిగి చూడండి. అంచుల్లో బర్ర్ (కోసినచోట పొడుచుకొచ్చే గరుకు అంచు) లేకుండా కోయమని రెండుసార్లు చెప్పండి. బర్ర్ ఉంటే రేకు గాజుకి ఆనదు, ఆ సందులోంచి ఆవిరి దూరి అంచు మసకబారుతుంది. ఆ మసకే షార్ట్.

ఐటీఓ పట్టీని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉంచాల్సిన చోట టేపు అతికించి, మిగతా చోట జింక్ పొడి చల్లి, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే కొద్దిసేపట్లో ఐటీఓ లేచిపోతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి కిటికీ తెరిచి, మంటకి దూరంగా, చేతులకి గ్లవ్స్ వేసుకుని చేయండి. తర్వాత మల్టీమీటర్‌తో పట్టీ అంచుకి అటూ ఇటూ చూసి, ఖాళీ గాజు మీద కరెంటు పోవట్లేదని నిర్ధారించుకోండి. ఐటీఓ అంచు గోడలా నిటారుగా నిలుస్తుంది, పై పొరలు అక్కడ పలచబడతాయి. వీలైతే ఆ అంచు మీద సన్నగా ఫోటోరెసిస్ట్ (వెలుతురు తగిలితే గుణం మారే ప్లాస్టిక్ పూత) వేసి కాల్చండి.

6. గాజు కడగడం

సబ్బునీళ్లు, డీఐ వాటర్ (అయాన్లు తీసేసిన నీళ్లు), అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), ఒక్కోదాంట్లో 10 నుంచి 15 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్. నైట్రోజన్‌తో ఊదడం, 15 నిమిషాలు యూవీ ఓజోన్. ఇక దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. పేర్చిన పొరలన్నీ కలిపినా 600 నానోమీటర్ల లోపే ఉంటాయి, మామూలు కాగితం మందం దానికి నూట యాభై రెట్ల పైనే. కంటికి కనపడని దుమ్ము రేణువు కూడా ఈ మేడకంటే ఎత్తు.

7. వాక్యూమ్‌లో పొరలు

చాంబర్ ప్రెషర్ ఒక టార్‌లో పదిలక్షో వంతుకి దిగాక మొదలుపెట్టాలి. తేలిగ్గా దొరికే పదార్థాలతో నేను వేయించే వరుస ఇది. నీలం అంతస్తులో మాలిబ్డినం ఆక్సైడ్, ఎన్‌పీబీ (హోల్స్‌ని మోసేది), డీపీవీబీఐ (నీలాన్నిచ్చేది), ఏఎల్‌క్యూ3, ఆపైన పైన చెప్పిన మధ్య ఎలక్ట్రోడ్. పచ్చ అంతస్తులో ఆక్సైడ్, ఎన్‌పీబీ, ఏఎల్‌క్యూ3, మళ్లీ మధ్య ఎలక్ట్రోడ్. ఎరుపులో ఆక్సైడ్, ఎన్‌పీబీ, నూటికి ఒకటి రెండు వంతుల డీసీజేటీబీ (ఎరుపునిచ్చే రంగు) కలిపిన ఏఎల్‌క్యూ3, ఉత్త ఏఎల్‌క్యూ3, లిథియం ఫ్లోరైడ్, 100 నానోమీటర్ల అల్యూమినియం. మధ్య ఎలక్ట్రోడ్ మీది ఆక్సైడే పై అంతస్తు ఆక్సైడ్ కాబట్టి దాన్ని ఒక్కసారే లెక్కపెడితే మొత్తం 19 పొరలు. ఆర్గానిక్స్ సెకనుకి 0.1 నానోమీటర్ వేగంతో, లిథియం ఫ్లోరైడ్ అందులో పదో వంతు వేగంతో.

మందం చూపించేది క్వార్ట్జ్ క్రిస్టల్. నా ప్రాజెక్టు రోజుల్లో, వేరే ఊరి ల్యాబ్‌లో, పద్నాలుగో పొర వేస్తుండగా రీడింగ్ ఒక్కసారిగా ఎగిరిపడి, సున్నాకి పోయి, మళ్లీ ఎగిరింది. ఏదో తీగ వదులైందనుకున్నాను. తీరా చూస్తే క్రిస్టల్ ఆయుష్షు అయిపోయింది. అంతకుముందు నాలుగు రోజులు ఇంకెవరో మందపాటి అల్యూమినియం వేశారు, మార్చలేదు. నేనూ చూసుకోలేదు. చాంబర్ తెరవక తప్పలేదు, తెరిస్తే గాలి తగిలింది, రెండున్నర అంతస్తుల మేడ చెత్తబుట్టలోకి పోయింది. ఒక్క పొర డివైస్ చేసేవాడికి పాత క్రిస్టల్ సరిపోతుందేమో, 19 పొరలు వేసేవాడు మొదలుపెట్టే ముందే కొత్తది పెట్టించుకోవాలి.

ఇంకో మాట. మూడు అంతస్తులూ మొదటి రోజే కట్టకండి. నీలం విడిగా, పచ్చ విడిగా, ఎరుపు విడిగా చేసి వెలిగించండి. తర్వాత మధ్య ఎలక్ట్రోడ్‌ని పై క్యాథోడ్‌గా పెట్టి, రెండు వైపులా వెలుతురు వచ్చే నీలం చేయండి. అది రెండు వైపులా బాగా వెలిగితే మీ మధ్య ఎలక్ట్రోడ్ పాసైనట్టు. ఆ తర్వాతే రెండంతస్తులు, చివరికి మూడు.

8. మూత

జూలై నుంచి అక్టోబర్ దాకా మన కృష్ణా, గుంటూరు వైపు గాలిలో తడి గురించి చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బాని అడిగితే చెబుతుంది. మూత వేయకుండా డివైస్‌ని బయటికి తెచ్చి వెలిగిస్తే మొదటి గంట బాగానే ఉంటుంది. మర్నాడు మైక్రోస్కోప్ కింద పెడితే వెలిగే చదరం మీద నువ్వులు చల్లినట్టు నల్లటి గుండ్రని మచ్చలు. దుమ్ము పడ్డ చోట అల్యూమినియంలో సన్నటి రంధ్రం ఉంటుంది, తేమ అందులోంచి దిగి చుట్టూ పాకుతుంది. గ్లవ్ బాక్స్‌లోనే గాజు మూత పెట్టి, అంచు చుట్టూ యూవీ ఎపాక్సీ పూసి, లోపల తేమ పీల్చే బిళ్ల అతికించండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు మధ్య చదరం మీద రేకు కప్పాలి, యూవీ ఆర్గానిక్‌కి పడదు.

9. వెలిగించడం

అడుగు నుంచి పైకి ఎలక్ట్రోడ్లని ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుందాం. నీలానికి 6 వోల్టులు, పచ్చకి 5, ఎరుపుకి 4 కావాలనుకోండి. నాలుగోదాన్ని సున్నా దగ్గర పెడితే మూడోది 4, రెండోది 9, ఒకటోది 15. మూడూ వెలుగుతాయి. ఇప్పుడు పచ్చ ఆర్పాలి. రెండో ఎలక్ట్రోడ్‌ని మూడోదాని స్థాయికి, అంటే 4కి దించాలి. అంతటితో ఆగితే ఒకటోది 15 దగ్గరే ఉండి నీలం మీద 11 వోల్టులు పడతాయి, పాపం నీలం కాలిపోతుంది. దాన్నీ 10కి దించాలి. ఒక అంతస్తు ఆర్పితే కింది అంతస్తులన్నిటి లెక్కా మారుతుంది. ప్రోగ్రామ్‌లో ఈ నాలుగు అంకెలూ ఒకేసారి మార్చేలా రాసుకోండి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. ఇంకా తేలిక కావాలంటే మూడు విడివిడి బ్యాటరీలతో మూడు చిన్న కరెంట్ సోర్సులు కట్టుకోండి. ఒక్కోటి తన అంతస్తుని మాత్రమే చూసుకుంటుంది. గ్రౌండ్ కలిసిపోయిన రెండు బెంచ్ సప్లైలు మాత్రం వాడొద్దు.

ఎంత కరెంటు? 2 మిల్లీమీటర్ల చదరం అంటే 0.04 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటర్‌కి 10 మిల్లీయాంప్స్ లెక్కన 0.4 మిల్లీయాంప్. మీ మెటీరియల్ యాంపియర్‌కి 2 క్యాండెలా ఇచ్చేదైతే 200 నిట్స్ వస్తుంది, చీకటి గదిలో చూసి మురిసిపోవడానికి చాలు.

ఒక సరదా పరీక్ష చేయండి. మూడు అంతస్తులకీ సరిగ్గా 0.4 మిల్లీయాంపే ఇచ్చి, రెండో ఎలక్ట్రోడ్ తీగలో అమ్మీటర్ పెట్టండి. సున్నా చూపిస్తుంది. మధ్య తీగ మోసేది కింది అంతస్తుకీ పై అంతస్తుకీ ఉన్న కరెంటు తేడా మాత్రమే, తేడా లేకపోతే దానికి పనిలేదు. ఇక మధ్య తీగలు రెండూ పీకేయండి. డివైస్ అలాగే వెలుగుతూ ఉంటుంది, కాకపోతే రంగు మార్చుకునే వీలు పోయింది. మీ చేతిలో ఇప్పుడున్నది టాండెమ్. కంపెనీలు టాండెమ్ దగ్గర ఎందుకు ఆగాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మీకు ఉన్నది ఒక్క పిక్సెల్, నాలుగు దిక్కులు. స్క్రీన్‌లో లక్షల పిక్సెల్స్‌కి దిక్కులెక్కడివి? ప్రతి పిక్సెల్‌లోనూ పై అంతస్తుల తీగలు మెత్తటి పొరల్ని చీల్చుకుని కింది ట్రాన్సిస్టర్ల దాకా దిగాలి. గట్టి పదార్థాల్లో అది కొంత నయం. 2023లో ఎంఐటీలో జీహ్వాన్ కిమ్ బృందం ఆర్గానిక్ కాకుండా మైక్రో ఎల్‌ఈడీలనే నిలువుగా పేర్చి అంగుళానికి 5100 పిక్సెల్స్ చూపించింది.

10. కొలవడం

ముందు ఒక్కో రంగూ విడిగా వెలిగించి స్పెక్ట్రోమీటర్‌తో చూడండి. నీలం ఒక్కటే వెలిగించినప్పుడు ఎరుపు వైపు చిన్న దిబ్బ కనిపిస్తే, నీలం వెలుతురు పైకి పోయి ఎర్ర పదార్థాన్ని వెలిగిస్తోందని అర్థం. నీలం సీఐఈ అంకెలు (రంగుని గుర్తించే x, y విలువలు) 0.15, 0.06 దగ్గరికి వస్తే స్క్రీన్ రంగులకి వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం అందినట్టే. డీపీవీబీఐతో అంత లోతు నీలం రాదు, ఆకాశనీలం దగ్గర ఆగుతుంది, బెంగపడకండి. తర్వాత డివైస్‌ని 60 డిగ్రీల దాకా తిప్పుతూ మూడు రంగులూ మళ్లీ కొలవండి. 4వ దశలో పైథాన్ చెప్పినదానికీ దీనికీ ఎంత తేడా వచ్చిందో పక్కపక్కన రాసుకుంటే ఏ పొర మందం తప్పు పడిందో చాలావరకు బయటపడుతుంది.

చివరిగా ఆయుష్షు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ ఒకటి డివైస్‌కి ఎదురుగా నల్ల డబ్బాలో బిగించి, కరెంటు మారకుండా ఉంచి, నిమిషానికి ఒక రీడింగ్ చొప్పున ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో రాయించండి. మూడు రంగుల్లో ముందు వాడిపోయేది సాధారణంగా నీలమే. వెలుతురు మొదటి విలువలో సగానికి దిగిన గంటల సంఖ్య మీ ఎల్‌టీ50. కరెంటు సగం చేసి రెండో డివైస్‌తో మళ్లీ నడపండి. సాధారణంగా మూడు నాలుగు రెట్లు ఎక్కువ బతకాలి. బతకలేదంటే తప్పు మెటీరియల్‌ది కాకపోవచ్చు, ముందు ఎపాక్సీ అంచుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి.